కొత్త పెండలాలు వచ్చేదాకా

బల్ల మీది ఆడమనిషి నోరు తెరిచి ఉంది. మట్టిలోంచి పైకి తీసిననాటి నుంచీ అలాగే ఉంది. ఇసుక తట్టలో ఆ పుర్రెను సరిగా కుదుర్చుతూ లేసావు ఒకటి రెండుసార్లు కింది దవడను మెల్లగా పైకి నెట్టి చూసింది. చెయ్యి తీయగానే అది జారి, ఇంకొక ముద్ద కోసం ఎదురుచూస్తున్నట్టుగా మళ్ళీ తెరుచుకునేది.

తవ్వకం పాక సముద్రపు గట్టు మీద ఉంది. ఆకుల కప్పు కింద రెండు బల్లలు, నీళ్ళ డబ్బాలు, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టిన సంచులు. లేసావు మెత్తని కుంచెతో కనుగుంటల చుట్టూ ఉన్న పగడపు మట్టిని తుడుస్తోంది. గట్టిపడినచోట వెదురు పుల్లతో గీకి, గీకిన చోట నోటితో ఊదుతోంది. ఈ దీవి ఆడవాళ్ళలో ఈ పనికి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ళు పాక గుమ్మం దగ్గరే ఆగి, ముక్కు మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయేవారు.

"పళ్ళ జోలికి పోకు అక్కా," అంది రెండో బల్ల దగ్గర నుంచి లితియా, తల ఎత్తకుండానే. "నీళ్ళు అసలు తగలనీయకు."

"తెలుసమ్మా. వచ్చిననాటి నుంచీ ఇదే పాట. పళ్ళు తోముకోని ఆడదాని మీద ఇంత గౌరవం నేను ఎక్కడా చూడలేదు."

"తోముకుని ఉంటే నాకు బతుకుతెరువేది? ఆమె వంటిల్లంతా ఆ గారలోనే ఉంది."

లితియా పొరుగు దేశంలోని సువా నగరం పిల్ల. పెద్ద చదువులు చదివింది. పాతకాలపు మనుషులు ఏమి తిన్నారో వాళ్ళ ఎముకలనూ పళ్ళనూ అడిగి తెలుసుకోవడం ఆమె పని. పంటి గారను పిసరంత గీకి సూక్ష్మదర్శిని కింద పెడితే, మూడు వేల ఏళ్ళనాటి పెండలపు పిండి రేణువు చెక్కు చెదరకుండా కనిపిస్తుంది. ఒకనాడు లేసావును పిలిచి చూపించింది. గుడ్డుపెంకు తునకలా మెరుస్తున్న ఆ రేణువును చూసి లేసావు వెంటనే తల పక్కకు తిప్పుకుంది. భోజనం చేస్తున్న మనిషి నోట్లోకి తొంగిచూసినట్టు అనిపించింది.

గార చెప్పేది కొంతే. మిగిలినది ఎముకే చెప్పాలి. తిన్న తిండి ఒంట్లో ఎముకగా మారుతుంది కనుక, చేపలు తిన్నవాడి ఎముక ఒక తీరుగా, దుంపలు తిన్నవాడి ఎముక ఇంకొక తీరుగా ఉంటుంది. ఆ తేడా పట్టే యంత్రాలు సముద్రం అవతల ఉన్నాయి. ఈ శ్మశానంలో దొరికిన మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ ఎముక తునకలు అక్కడికి వెళ్ళి ఏడాది కావస్తోంది. ఫలితాలు ఈ వారమే వస్తాయి. వచ్చినవి వచ్చినట్టుగా ముందు ఊరి పెద్దింట్లో, మగవాళ్ళందరి ఎదుట చెప్పాలి. తవ్వకానికి అనుమతి ఇచ్చిననాడు ఊరిపెద్ద కల్‌మెట్ పెట్టిన షరతు అది. "మా తాతల నోటి మాట మేము వినకముందు ఇంకెవరూ వినకూడదు," అన్నాడు ఆయన. ఆయన లేసావుకు మేనమామ.

బల్ల మీది ఆడమనిషి మోచేతి వంపులో ఒక పసిబిడ్డ ఎముకలు కూడా దొరికాయి. వాటిని లితియా విడిగా, దూది పరిచిన పెట్టెలో ఉంచింది. లేసావు ఆ పెట్టె మూత ఎప్పుడూ తీయలేదు.

ఎండ వాలకముందే లేసావు చేతులు సముద్రపు నీటిలో కడుక్కుని, మళ్ళీ మంచినీటితో కడుక్కుని ఇంటికి బయలుదేరింది. ఇంట్లో ఇంకొక నోరు ఆమె కోసం ఎదురుచూస్తోంది.

తమ్ముడు కల్‌సోను కొన్ని నెలల కిందట ఛాతీ జబ్బుతో పోయాడు. అతడి శవాన్ని కడిగినది భార్య ఎస్తెల్. శవాన్ని ముట్టిన చేతులు తిండిని ముట్టకూడదు. అందుకని ఆమె రెండు చేతులకూ వేలి కొసల దాకా మొగలి నారతో కట్లు కట్టారు. కొత్త పెండలాలు తవ్వేదాకా ఆమెకు ఇంకొకరు నోట్లో పెట్టాలి. పెట్టేది కూడా చప్పిడి తిండే. నిప్పుల మీద కాల్చిన పచ్చి అరటి, చేమదుంప, ఉడికించిన ఆకు. చేప లేదు, పీత లేదు, మాంసం లేదు, కొబ్బరిపాల చుక్క కూడా లేదు. ఎందుకంటే చచ్చినవాడు అంతవరకూ పెళ్ళాం నోటితోనే తింటాడు. రుచి తగలకపోతే విసిగి తన దారిన తాను పోతాడు. రుచి తగిలితే పోడు.

ముద్ద పెట్టే పని అందరికీ ఇవ్వరు. పోయినవాడి తోబుట్టువై ఉండాలి, చెయ్యి శుద్ధమైనదై ఉండాలి. మూడు వేల ఏళ్ళనాటి ఎముకల మైల సముద్రపు నీటితో పోతుందని పెద్దలు ముందే తేల్చారు. లేసావు చెయ్యి ఎలాంటిదో ఊరికి తెలుసు. ఆమె పెండలం తురిమి, ఆకుల్లో చుట్టి, వేడి రాళ్ళ మధ్య ఉడికించిన లాప్లాప్ విప్పనిదే ఆ ఊళ్ళో పెళ్ళి విందు గాని చావు విందు గాని మొదలుకాదు.

ఎస్తెల్ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పదినెలల కూతురు రూతు ఆమె ఒళ్ళో పడుకుని రొమ్ము నోట కరచుకుని ఉంది గాని, చీకడం లేదు. లేసావు నిప్పుల్లోంచి అరటికాయ తీసి, మాడిన తొక్క ఒలిచి, తునక తుంచి ఊదింది.

"కల్‌సోనూ, ఇదే ఉంది. తిని వెళ్ళు," అని ఎప్పటిలాగే తమ్ముడితో చెప్పి, తునకను మరదలి నోటి దగ్గర పెట్టింది.

ఎస్తెల్ నోరు తెరవడానికి కొంత సేపు పట్టింది. "ఇవాళ కూడా అరటేనా వదినా? మీ తమ్ముడు అడుగుతున్నాడు, మా అక్క వంట మరిచిపోయిందా అని."

"అడగాలనుంటే వాణ్ణి నన్నే అడగమను. నీతో రాయబారం దేనికి?"

"మీరంటే భయమట."

లేసావు నవ్వు ఆపుకుని ఇంకొక తునక తుంచింది. ఉత్తరపు దీవి నుంచి వచ్చిన ఈ పిల్ల, కన్యాస్త్రీల బడిలో ఫ్రెంచి చదివిన పిల్ల, మొదట్లో చేతికట్లు చూసుకుని ఏడ్చింది. తరవాత వేళాకోళాలకు దిగింది. ఇప్పుడు ఆ వేళాకోళాలు కూడా మాట మాటకూ మధ్య ఊపిరి తీసుకుని వస్తున్నాయి. మెడ కింది ఎముకలు పైకి తేలాయి. ఆసుపత్రి నర్సు వచ్చి చూసి, చేపలు పెట్టమని గట్టిగానే చెప్పి వెళ్ళింది. నర్సు ఈ దీవి మనిషి కాదు, ఆమెకేం తెలుసని ఊరు అనుకుంది. లేసావు కూడా అలాగే అనుకుంది.

"ఇంక చాలు వదినా. ఆకలి లేదు."

"మూడు తునకలకే?"

"నిజంగానే లేదు. మొదట్లో చచ్చేంత ఆకలి వేసేది. ఇప్పుడు పోయింది." ఎస్తెల్ కళ్ళు మూసుకుంది. "నోట్లో మాంసం రుచి వస్తోంది. నిన్నటి నుంచీ."

లేసావు అరటికాయ పక్కన పెట్టి, మరదలి గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. వెలుగు పడేలా తల తిప్పింది. తెల్లబారిన చిగుళ్ళు, ఎండిన నాలుక. ఎవరైనా తనకు తెలియకుండా ఏదైనా పెట్టారేమోనని దవడ లోపలా నాలుక కిందా వేలితో వెతికింది. ఏమీ దొరకలేదు. మిగలముగ్గిన పండులాంటి తియ్యని వాసన మాత్రం లోపలి నుంచి వచ్చి ముఖానికి తగిలింది. పొద్దంతా కుంచె పట్టుకుని ఇంకొక నోటి ముందు ఇలాగే వంగి ఉన్నానని ఆమెకు గుర్తొచ్చింది.

"ఎవరు పెట్టారు?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరూ పెట్టలేదు. నేను తినడం లేదు వదినా. ఎవరో తింటున్నారు."

పసిపిల్ల రొమ్ము వదిలి, ఏడవకుండా, మేనత్త ముఖంకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల ఏడ్చి ఎన్నాళ్ళయిందో లేసావుకు గుర్తు రాలేదు.

మర్నాడు ఫలితాలు వచ్చాయి. మధ్యాహ్నం పెద్దింట్లో సభ జరిగింది. ఆడవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. లితియా పరాయి మనిషి, పైగా చదువుకున్న మనిషి గనుక ఆమెకు గుమ్మం పక్కన ఒక చాప వేశారు. ఊరి ఆడవాళ్ళు ఎవరూ పిలవకుండానే తడకగోడ వెనక నీడలో చేరి, చాపలు అల్లుకుంటూ కూర్చున్నారు. ఏ ఒక్క చాపా బెత్తెడు కూడా పెరగలేదు.

లితియా గొంతు తడకలోంచి స్పష్టంగానే వినిపించింది. "మగవాళ్ళ ఎముకలు సముద్రం మాట చెబుతున్నాయి. చేప, తాబేలు, పంది కూడా. ఆడవాళ్ళ ఎముకలు తోట మాట చెబుతున్నాయి. పెండలం, చేమ, అరటి. చేప ఉంది గాని చాలా తక్కువ."

లోపల తృప్తిగా నవ్వులు. కల్‌మెట్ గొంతు పెద్దది చేశాడు. "విన్నారా? మన ఆచారం నేను కల్పించినది కాదు, మా తాత కల్పించినదీ కాదు. దీవి మీద మొదట అడుగు పెట్టినవాళ్ళే ఎవరి తిండి ఎవరిదో పంచి పెట్టారు. బయట చాపలు అల్లే చెవులు కూడా ఈ మాట వింటే మంచిది."

"విన్నాములే," అంది గోడ వెనక ఒక ముసలమ్మ, తన పక్కవాళ్ళకు మాత్రమే వినిపించేలా. "మూడు వేల ఏళ్ళుగా తాబేలు వాళ్ళది, డిప్ప తోమడం మనది."

లేసావు నవ్వలేదు. ఎముకలు వేరే మాట చెబుతాయని ఆమె ఆశపడింది. ఆ ఆశ ఉన్నట్టు ఇంతవరకూ తనకే తెలియదు.

"ఒక్క మనిషి సంగతి మాత్రం వేరుగా ఉంది," అంది లోపల లితియా. "బిడ్డతో కలిపి పాతిపెట్టిన ఆడమనిషి. ఆమె ఎముక కూడా తోట మాటే చెబుతోంది. అయితే ఎముక ఏళ్ళ తరబడి తిన్నది చెబుతుంది. ఆ బిడ్డ పాలపన్ను తల్లి కడుపులోనూ తల్లి పాల మీదా పెరిగింది గనుక, తల్లి చివరి నెలల్లో ఏమి తిన్నదో చెబుతుంది. అందులో మాంసపు గుర్తు బాగా పైకి లేచింది. పాలు తాగే బిడ్డలో కొంత లేవడం మామూలే, ఇంత లేవదు. రెండో కొలత రేపు వస్తుంది. అప్పటిదాకా దయచేసి ఎవరూ ఏమీ అనుకోవద్దు."

అనుకోవద్దని చెబితే అనుకోకుండా ఉండే సభ ఏ దీవిలోనూ లేదు. ఆమె అప్పటి ఊరిపెద్ద భార్య అయి ఉంటుందని ఒకరు, వారసుణ్ణి కన్నందుకు తాబేలు పెట్టి ఉంటారని ఇంకొకరు. సభ ముగిసే వేళకు ఆ ఎముకలకు రాణి పదవి దక్కింది.

కల్‌మెట్ బయటికి వచ్చేదాకా లేసావు కాచుకుని ఉంది. "మామయ్యా, ఆనాడు ఒక బాలింతకు పెట్టారట కదా. మన పిల్లకూ చేప పెడదాం. రూతుకు పాలు లేవు."

ఆయన చేతికర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. కఠినుడు కాదు. కల్‌సోను గొయ్యి తవ్వేటప్పుడు మొదటి పార తానే వేసి, పగడపు రాయి తగిలి చేతులు బొబ్బలెక్కినా ఇంకొకరికి ఇవ్వని మనిషి. "ఆ రాణికి మొగుడు బతికి ఉన్నాడేమోనమ్మా. ఈ పిల్ల నోట్లో కల్‌సోను ఉన్నాడు. రుచి చూపిస్తే వాడు పోడు. దారీ తెన్నూ లేక ఇళ్ళ మధ్య తిరుగుతాడు. తోడబుట్టినవాడికి ఆ గతి పట్టిస్తావా?"

"పిల్ల సన్నబడిపోయింది."

"పెండలం తీగలు పసుపు తిరుగుతున్నాయి. కాస్త ఓర్చుకోమను. మీ అమ్మ ఓర్చుకోలేదా? నా తల్లి ఓర్చుకోలేదా?" అని లేసావు తల మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు.

ఓర్చుకున్నారు. లేసావు తల్లి ఓర్చుకుని లేచిన ఏడాదే ఆమె ఒళ్ళోని చంటిపిల్ల పోయింది. దాన్ని అందరూ జ్వరం అన్నారు.

మరునాడు లితియా ఉదయమే ఫోను సిగ్నలు దొరికే కొండ ఎక్కింది. ఆమె దిగి వచ్చేసరికి లేసావు పాకలో బల్ల ముందు కూర్చుని ఉంది గాని, కుంచె చేతిలోకి తీసుకోలేదు. లితియా సంచి దించి, నీళ్ళు తాగి, దూది పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ముందు మీ మామయ్యకు చెప్పాలి," అంది. "అది ఒప్పందం."

"చెప్పు మరి. ఎవరు కాదన్నారు?"

లితియా కదలలేదు. "తాబేలు కాదు అక్కా."

"పందా?"

"పందీ కాదు. చేపో తాబేలో తింటే రెండు గుర్తులూ పైకి లేస్తాయి, మాంసానిదీ సముద్రానిదీ. పంది తింటే మొదటిది లేస్తుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది. ఈ పంటిలో మొదటిది లేచింది, రెండోది కిందికి దిగింది. ఒంట్లోని కొవ్వు కరిగినప్పుడు తప్ప అలా దిగదు. తిండి అందనప్పుడు ఒళ్ళు తన కండనే కరిగించుకుని బతుకుతుంది. కండ అంటే మాంసమే కదా. ఎవరి మాంసమో ఎముకకు తెలియదు. మాంసం తిన్నారని మాత్రం గుర్తు వేసుకుంటుంది."

గాలికి పాక కప్పు ఆకులు గలగలలాడాయి. లేసావు ఆ మాటను ఒక్కొక్క ముక్కగా లోపలికి తీసుకుంది.

"అంటే తనను తానే తిన్నది."

"అవును. బిడ్డ తాగిన పాలూ అవే. బిడ్డ పంటి మీద ఒక గీత ఉంది. ఎదుగుదల ఆగిపోయిన చోట పడే గీత. దాని తరవాత పన్ను ఇంకెంతో పెరగలేదు."

లేసావు బల్ల మీది నోటిని చూసింది. ఇన్నాళ్ళూ అది ముద్ద కోసం తెరిచి ఉందనుకుంది. ముద్ద అడగడం ఎప్పుడో మానేసిన నోరు అది.

"ఆమెకు రుచి తెలిసి ఉంటుందా?"

"ఏ రుచి అక్కా?"

లేసావు లేచి నిలబడింది. మరదలి నోట్లో వేలు పెట్టి వెతికిన చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. ఎవరో దొంగతనంగా పెట్టారని అనుమానించింది. తమ్ముడికి ఎక్కడో మాంసం దొరికిందని భయపడింది. దొరికిన మాట నిజమే. తాను శుద్ధమైన చేత్తో, రోజూ ఊది ఊది, ఏ తునకకు ఆ తునక కొలిచి పెడుతుంటే ఆ ఇంట్లో జరుగుతున్న విందు అది.

"మామయ్యకు చెప్పేటప్పుడు రాణి అనే మాట ఆయననే వెనక్కి తీసుకోమను," అని చెప్పి పాక దాటింది.

చేపల వేటకు పోయిన పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. లేసావు తిన్నగా వెళ్ళి, గంపలోంచి నీలి చిలకచేపను ఒకదాన్ని మొప్పల దగ్గర పట్టి తీసుకుంది. పడవవాడు ఎవరి కోసమని అడగలేదు. ఆమె ముఖం చూసి, ఇంకొక చేప తీసి అందించాడు.

ఆమె ఇంట్లో వండలేదు. తలుపు మూసుకుని పెట్టవచ్చు. ఎవరికీ తెలియదు కూడా. మూసిన తలుపు వెనక పెట్టిన చేప ఒక్క ఎస్తెల్‌కే దక్కుతుంది, రేపు ఆ కట్లతో కూర్చునే ఇంకొక విధవకు దక్కదు. అందుకని పెద్దింటి ఎదుట, సీమపనస చెట్టు కింద, నలుగురూ నడిచేచోట నిప్పు రాజేసింది. చేప పొట్ట చీల్చి, పేగులు తీసి, లోపల ఉప్పునీరు చిలకరించి, అరటాకులో చుట్టి నిప్పుల మీద పెట్టింది. కొబ్బరి కోరి, పిండి, పాలు తీసింది. తరవాత ఇంటికి వెళ్ళి, మరదలిని నడుము పట్టుకుని లేపి, పసిపిల్లను చంకన వేసుకుని తీసుకువచ్చింది.

"నేను బయటికి రాకూడదు వదినా," అంది ఎస్తెల్ దారిలో.

"వచ్చావుగా. ఇంక నడు."

కాలుతున్న చేప వాసన ఊరంతా పాకింది. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. పెద్దింట్లోంచి మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెట్టు నీడకు అవతలే ఆగారు. వాళ్ళ వెనక కల్‌మెట్, ఆయన పక్కన లితియా. చెప్పవలసినది ఆమె చెప్పేసినట్టు ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన ఆ ముఖంతోనే, కోపం లేకుండా మాట్లాడాడు.

"ఆ కొలతలు విన్నాను లేసావూ. ఆమె ఆకలితో పోయిందంటే, మన వాళ్ళు పాటించవలసినది పాటించారనే అర్థం. ఆచారం పాతదే. ఎముకే సాక్ష్యం."

"పాతదే మామయ్యా. నేను కాదనలేదు. అంత పాతకాలం నుంచీ మనం మన ఆడవాళ్ళను వాళ్ళకే వండి పెడుతున్నాం. నా చేత్తో నేనూ పెట్టాను. ఇంక పెట్టను."

"ఆ ఆకు విప్పితే నీ చేతి లాప్లాప్ ఇంక ఏ విందులోనూ ఎవరూ ముట్టరు."

"ముట్టవద్దు."

ఆమె ఆకు విప్పింది. ఆవిరి లేచింది. వేళ్ళు కాలుతున్నా తెల్లని కండను ఎముక నుంచి విడదీసి, ముల్లు ముల్లూ ఏరి, కొబ్బరిపాలలో ముంచింది. ఎస్తెల్ ఆ చేతినే చూస్తోంది.

కల్‌మెట్ గొంతు ఈసారి నిజంగానే బతిమాలింది. "వాడు పోడమ్మా. రుచి తగిలితే ఇంక పోడు."

"ఉండనీ," అంది లేసావు. "నా తమ్ముడేగా. ఆకలితో పంపించడం దేనికి?"

ముద్దను మరదలి నోటికి అందించింది. ఎస్తెల్ పెదవులు మూసుకున్నాయి. మొదట ఏమీ జరగలేదు. నమలడం మరిచిపోయినదానిలా కూర్చుంది. తరవాత దవడ కదిలింది. అందరూ చూస్తూ ఉండగా అది కుడివైపుకే కదిలింది. కల్‌సోను చిన్నతనంలో శంఖపు పెంకు కొరికి ఎడమవైపు పళ్ళు విరగ్గొట్టుకున్నాడు. బతికినన్నాళ్ళూ కుడిపక్కనే, తల కొంచెం వంచి, మెల్లగా నమిలేవాడు. ఎస్తెల్ పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. ఆమె తల కూడా ఇప్పుడు కొంచెం వంగింది.

మగవాళ్ళలో ఇద్దరు వెనక్కి అడుగు వేశారు. గుమ్మాల్లోని ఆడవాళ్ళు లోపలికి పోలేదు. కల్‌మెట్ చేతికర్ర గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

లేసావు వీపు మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. చేపలోంచి మళ్ళీ కండ తీసి, ముళ్ళు ఏరి, పాలలో ముంచింది. ఈసారి ముద్ద ఇద్దరికి సరిపోయేటంత పెద్దది చేసింది.

"మెల్లగా తిను," అంది.